చెక్క నేల తీసి టైల్స్: మా వంటగది పని డైరీ

కొలతల వారం

వంటగదిలో ఉన్నది ఓక్ చెక్క ఫ్లోరింగు. 19 మి.మీ. మందం, 57 మి.మీ. వెడల్పున్న సన్న పలకలు, ఒకదాని గాడిలో ఒకటి దూర్చి మేకులు కొట్టినవి. హాల్లోనూ ఇదే చెక్క. గడప దగ్గర ఆగకుండా నేరుగా వంటగదిలోకి వచ్చేస్తుంది. సింకు ముందు పాలిష్ పూర్తిగా పోయి చెక్క నల్లబడింది. డిష్ వాషర్ పక్కన రెండు మూడు పలకల అంచులు పైకి లేచి నడుమ గుంట పడింది. గీకి మళ్లీ పాలిష్ వేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. కానీ రోజూ నీళ్లు పడే చోట చెక్కతో వేగడం ఇక చాలనిపించి టైల్స్‌కు సిద్ధమయ్యాం.

సాయానికి తమ్ముడు వచ్చాడు. వచ్చీరాగానే అడిగిన మొదటి ప్రశ్న: "అక్కా, ఇంత గట్టి చెక్క ఉండగా పీకడం ఎందుకు? దీని మీదే వేసేస్తే పోలా?"

ఈ ప్రశ్న అందరికీ వచ్చేదే, అందుకే జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను. చెక్క కదలిక కాలికి తెలిసే కదలిక కాదు. గాలిలో తేమ పెరిగితే చెక్క దాన్ని పీల్చుకుని వెడల్పవుతుంది, తేమ తగ్గితే ముడుచుకుంటుంది. రెడ్ ఓక్ పలకను మామూలుగా కోసే తీరులో కోస్తే, చెక్కలోని తేమ ఒక్క శాతం మారినప్పుడల్లా వెడల్పు సుమారు 0.37 శాతం మారుతుంది. కాలాలు మారేటప్పుడు తేమ నాలుగు శాతం అటూ ఇటూ అయిందనుకుందాం. అప్పుడు 57 మి.మీ. పలక ఒక్కటే 0.8 మి.మీ. దాకా పెరిగి తగ్గుతుంది. చెక్క నేలలో దీనివల్ల నష్టమేమీ లేదు, పలకల మధ్య సందులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. దాని మీద టైల్ అతికిస్తే మాత్రం, ఒకే టైల్ కింద అలాంటి సందులు ఐదారు వస్తాయి. టైల్ సాగదు. ముందు గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే సిమెంట్ మిశ్రమం) పగులుతుంది, తరువాత టైల్ అడుగు వదిలి డొల్ల చప్పుడు చేస్తుంది, ఆ పైన టైలే చీలుతుంది. పైగా చెక్క మీదున్న పాలిష్‌కు అడ్హెసివ్ (టైల్స్ అతికించే సిమెంట్ జిగురు) సరిగా పట్టదు.

"మరి చెక్క మీద ప్లైవుడ్ కొట్టి, దాని మీద వేస్తే?" అన్నాడు. అలా చేసేవాళ్లు ఉన్నారు. మా ఇంట్లో దానికి అడ్డొచ్చింది ఎత్తు. చెక్క మీద 12 మి.మీ. ప్లైవుడ్, 3 మి.మీ. అన్‌కప్లింగ్ షీటు (కింది చెక్క కదలిక టైల్‌కు చేరకుండా నడుమ పరిచేది), 8 మి.మీ. టైల్, అడ్హెసివ్‌లకు ఓ 4 మి.మీ. కలిపితే హాలు కంటే వంటగది 27 మి.మీ. ఎత్తవుతుంది. అమ్మ కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది, గడపలో అంత మెట్టు నేను పెట్టను. డిష్ వాషర్ సంగతీ అంతే. వంటగట్టు కింద దానికి ఉండే ఖాళీ మామూలుగా 34½ అంగుళాలు. దాని ముందు నేల లేపేస్తే రేపు రిపేరుకు బయటికి లాగాలన్నా రాదు, గట్టు రాయి విప్పాల్సిందే.

చెక్క తీసేస్తే లెక్క ఇట్టే కుదురుతుంది. 19 మి.మీ. దిగుతాం. అన్‌కప్లింగ్ షీటు రెండు మందాల్లో వస్తుంది, పల్చటిది సుమారు 3 మి.మీ., మందంది 7 మి.మీ. మందం షీటు 7, టైల్ 8, షీటు కింద అడ్హెసివ్ 1, పైన 3. మొత్తం 19. హాలు చెక్కతో సరిసమానం. ఈ అంకె కాగితం మీద చూశాక ఇంకో దారి ఆలోచించలేదు.

ఇక నేల బలం. ఓక్ పలకల అడుగున ప్లైవుడ్, దాన్ని మోసేవి చెక్క దూలాలు. టైల్స్ కింద దూలం ఎంత వంగవచ్చన్నదానికి ఒక లెక్క ఉంది. సిరామిక్, పోర్సిలిన్ టైల్స్ అయితే దూలం ఆధారాల మధ్య పొడవులో 360వ వంతుకు మించకూడదు. పాలరాయి, గ్రానైట్ లాంటి సహజ రాయి అయితే 720వ వంతు. మా దూలాల పొడవు 3.6 మీటర్లు, అంటే బరువు పడ్డప్పుడు 10 మి.మీ. దాటి వంగకూడదు, రాయి అయితే 5. కింది నుంచి చూస్తే దూలాలు 38×235 మి.మీ., ఒకదాని నడుమ నుంచి ఇంకోదాని నడుమకు 40 సెం.మీ. పోర్సిలిన్‌కు చాలు. రాయి వేయాలనుకుంటే దూలాలను బలపరచాల్సి వచ్చేది. అది వేరే పని, వేరే ఖర్చు. అందుకని రాయి ఆలోచన అక్కడితో వదిలేశాం.

ఎంచుకున్నది 30×60 సెం.మీ. పోర్సిలిన్, మెరుపు లేనిది. పోర్సిలిన్ అనిపించుకోవాలంటే నీళ్లు పీల్చడం 0.5 శాతానికి మించకూడదు, వంటగదికి అంతకన్నా ఏం కావాలి. మెరుపు టైల్ అమ్మకు నచ్చింది కానీ నేనే వద్దన్నాను. తడి నేల మీద జారుడును కొలిచే డి.సి.ఒ.ఎఫ్. అంకె, తడిసే అవకాశమున్న ఇంటి లోపలి నేలకు కనీసం 0.42 ఉండాలి. అట్టపెట్టె మీద అది చూసుకుని తీసుకున్నాం.

శనివారం: గడప దగ్గర కోత

పొద్దున పొయ్యి, ఫ్రిజ్, డిష్ వాషర్ బయటికి తెచ్చాం. డిష్ వాషర్‌కు బ్రేకర్ ఆపి, నీళ్ల వాల్వు కట్టి, పైపు విప్పాక కింద పాత గుడ్డ పరిచి లాగాం. పొయ్యి గ్యాస్ లైన్ తెలిసిన పనివాడి చేత విప్పించాం, అందులో సాహసాలు అక్కర్లేదు. గోడల అడుగున ఉన్న చెక్క స్కర్టింగును మెల్లగా ఊడదీసి వెనక నంబర్లు రాసి పెట్టాం. మళ్లీ అవే బిగించాలి.

తరువాత గడప. ఈ మొత్తం పనిలో అందరి కళ్లూ పడేది ఈ ఒక్క గీత మీదే. తలుపు మూసినప్పుడు హాలు వైపు నుంచి చెక్క, వంటగది వైపు నుంచి టైల్ మాత్రమే కనబడాలి. అంటే అతుకు సరిగ్గా తలుపు చెక్క మందం కింద పడాలి. తలుపు మూసి రెండు వైపులా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, నడుమ గీత గీశాను. నిటారైన అల్యూమినియం బద్దను నేలకు బిగించి, దాని వెంబడి సర్క్యులర్ రంపం నడిపాను. బ్లేడు లోతు కచ్చితంగా 19 మి.మీ., ఒక్క వెంట్రుక ఎక్కువైనా కిందున్న ప్లైవుడ్ తెగుతుంది. మేకులు తగిలినా విరగని కార్బైడ్ పళ్ల బ్లేడు ఇక్కడ తప్పనిసరి. చౌకట్టు పక్కన రంపం చేరని చివరి నాలుగైదు సెంటీమీటర్లు, సన్నటి బ్లేడు అటూ ఇటూ అదురుతూ కోసే మల్టీటూల్‌తో కోశాను.

మాకు కలిసొచ్చింది ఏమిటంటే పలకలు హాల్లోంచి వంటగదిలోకి నిలువుగా వస్తున్నాయి. గడప దగ్గర తెగేది వాటి చివరలు. చెక్క వెడల్పులో ఎంత పెరిగినా పొడవులో దాదాపు పెరగదు. పచ్చి చెక్క పూర్తిగా ఎండినా పొడవు తగ్గేది 0.1 నుంచి 0.2 శాతం. కాబట్టి టైల్‌కూ చెక్కకూ మధ్య సన్నటి సందు చాలు. పలకలు గడపకు సమాంతరంగా ఉండి ఉంటే చెక్క మొత్తం ఆ గీత వైపే ఉబ్బేది, అప్పుడు సందు వెడల్పుగా వదిలి పైన లోహపు పట్టీ వేయక తప్పేది కాదు.

కోసిన పలకల చివరలు ఇప్పుడు పట్టు లేకుండా ఉన్నాయి, ఎందుకంటే వాటిని పట్టుకున్న మేకులు వంటగది వైపు ముక్కల్లో ఉండిపోయాయి. ఒక్కో పలక చివర కింద జిగురు వేసి, పైనుంచి సన్న మేకు దింపి, తల కనబడకుండా చెక్క పొడి మైనంతో పూడ్చాను.

ఆదివారం: పలకలు లేపడం

ముందుగా ఒక జాగ్రత్త. పాత ఇళ్లలో, ముఖ్యంగా 1980ల కంటే ముందు కట్టినవాటిలో, చెక్క కింద ఇంకో పాత నేల దాగి ఉండవచ్చు. 9 అంగుళాల చదరపు వినైల్ టైల్స్ కానీ, నల్లటి తారు జిగురు కానీ కనబడితే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గీకకూడదు, పగలగొట్టకూడదు. చిన్న ముక్క ల్యాబుకు పంపి తేల్చుకున్నాకే ముందుకెళ్లాలి. ఓ మూల రెండు పలకలు లేపి చూశాం. తారు కాగితం, దాని కింద ప్లైవుడ్, అంతే.

పలకలను ఒక్కొక్కటిగా గాడి నుంచి విడదీయబోతే సాయంత్రానికి నడుం పడిపోతుంది. గది అడ్డంగా రెండడుగులకో కోత పెట్టేస్తే, మేకులు పీకే కడ్డీతో ఆ ముక్కలు గబగబా లేస్తాయి. కోతలు నేను, లేపడం తమ్ముడు. కేబినెట్లు చెక్క మీదే కూర్చున్నాయి, వాటిని కదిలించే ఉద్దేశం లేదు. వాటి అడుగున కాలి వేళ్లు దూరే గాడి ఉంటుంది కదా, దాని వెనక పలక వెంబడి మల్టీటూల్‌తో కోసుకుంటూ పోయాం. కేబినెట్ కింద చెక్క అలాగే ఉండి దాని బరువు మోస్తుంది, ముందున్నది మాత్రం పోతుంది. డిష్ వాషర్ నిలిచే చోటు అలా వదలకూడదు. అక్కడా చెక్క తీసి గోడదాకా టైల్ వేయాలి, లేకపోతే అది రాను పోను ఎత్తులు కుదరవు.

చెక్క లేపడం కన్నా ఓపిక కోరింది దాని తరువాతి పని. తారు కాగితాన్ని ప్లైవుడ్‌కు పట్టించిన స్టేపుల్ పిన్నులు వందల్లో ఉంటాయి. కాగితం చింపితే పిన్నులు అక్కడే నిలబడి ఉంటాయి. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని, నేలకు టార్చి లైటు అడ్డంగా పెట్టాడు. ఒక్కో పిన్ను నీడ పొడుగ్గా పడి దాన్ని పట్టిచ్చేసింది. పటకారుతో పీకడం, విరిగితే సుత్తితో లోపలికి దింపడం. చివర్లో అరచేతిని నేల మీద ఆనించి గదంతా నిమిరి చూశాం, చేతికి మందం తొడుగు ఉంది లెండి. ఏదైనా గుచ్చుకుంటే అక్కడ పిన్ను మిగిలినట్టే. షీటు కింద ఒక్క పిన్ను నిలబడినా అక్కడ టైల్ ఆనదు.

డిష్ వాషర్ చోటుకు వచ్చేసరికి కాగితం తడిసి ఎండిన వాసన. ప్లైవుడ్ మీద ముదురు మరక, స్క్రూడ్రైవర్ మొన పెడితే మెత్తగా దిగిపోయింది. పొరలు విడిపోయాయి. పైన పలకలు ఎందుకు లేచాయో ఇక్కడ తెలిసింది. పైపు బిగింపు దగ్గర సన్నటి ఊట ఎన్నాళ్లుగానో ఉండి ఉండాలి.

ఇది చూశాక తమ్ముడు మళ్లీ "మీదే వేసేస్తే పోలా" అనలేదు.

ఆ వారం సాయంత్రాలు: అడుగు ప్లైవుడ్

పుచ్చిన ముక్కను అటూ ఇటూ దూలాల నడిమి దాకా కోసి తీశాం. అలా కోస్తేనే కొత్త ముక్క అంచు కూర్చోవడానికి దూలం మీద చోటు దొరుకుతుంది. మిగిలిన రెండు అంచుల కింద దూలాల మధ్య అడ్డ చెక్కలు బిగించాం. దూలం చెక్కను మొనతో పొడిచి చూస్తే గట్టిగానే ఉంది, మరక ఒక్కటే. పూర్తిగా ఆరేదాకా ఫ్యాను పెట్టి, అదే మందం ప్లైవుడ్ కోసి, చుట్టూ 3 మి.మీ. సందు వదిలి స్క్రూలు వేశాం. ఊట ఉన్న పైపు బిగింపును కొత్తది మార్చాకే ఇది మూశాం.

మిగతా ప్లైవుడ్ దూలాలకు మేకులతోనే పట్టి ఉంది. మేకులు కాలక్రమేణా వదులవుతాయి, నడిస్తే కిర్రుమనేది అందుకే. దూలాలు ఎక్కడున్నాయో దారం కొట్టి గుర్తుపెట్టుకుని, ప్రతి 15 సెం.మీ.కు ఒక స్క్రూ దింపాం. తమ్ముడు ముందు నడుస్తాడు, కిర్రుమన్న చోట ఆగుతాడు, నేను అక్కడ ఇంకో స్క్రూ వేస్తాను. ఆ సాయంత్రం గడిచాక గదిలో ఎక్కడ కాలు వేసినా చప్పుడు లేదు.

ఆ తరువాత మట్టం. రసమట్టం పెట్టి చూసి తృప్తిపడితే చాలదు. నేల కాస్త వాలుగా ఉన్నా టైల్స్ బాగానే కూర్చుంటాయి, ఎగుడుదిగుడు ఉంటేనే చిక్కు. టైల్ ఒక అంచైనా 38 సెం.మీ. లేదా అంతకన్నా పొడుగైతే, 3 మీటర్ల పొడవులో 3 మి.మీ. మించిన తేడా ఉండకూడదు. అంతకన్నా చిన్న టైల్స్‌కు 6 మి.మీ. దాకా ఫరవాలేదు. మావి 60 సెం.మీ., కాబట్టి కఠినమైన లెక్కే మాది. పొడుగాటి బద్దను గదిలో నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింద వెలుతురు కనబడిన చోటల్లా పెన్సిల్‌తో చుట్టాం. ప్లైవుడ్ అతుకు ఒకటి పైకి లేచి ఉంటే ఉప్పు కాగితం మిషన్‌తో అరగదీశాం. గది నడుమ 5 మి.మీ. పల్లం ఉంది. చెక్క మీద వాడదగినదని రాసి ఉన్న పాచింగ్ మిశ్రమం తెచ్చి, ముందు దాని ప్రైమర్ పూసి, బద్దతో లాగి నింపాం. ప్రైమర్ లేకుండా పోస్తే మిశ్రమంలోని నీటిని చెక్క పీల్చేసి అది పెళుసుబారుతుంది.

టైల్స్ అంచులు ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా వస్తే సాధారణంగా మేస్త్రి చేతిని తప్పుపడతారు. నా లెక్కలో అసలు విషయం ఈ దశలోనే తేలిపోతుంది. పల్లాన్ని అడ్హెసివ్ మందంగా వేసి కప్పుదామనుకుంటే, మందంగా ఉన్నచోట అది ఆరేకొద్దీ ఎక్కువ కుంగి టైల్‌ను కిందికి లాగుతుంది.

శనివారం: షీటు

సిమెంట్ బోర్డు వేయాలా, అన్‌కప్లింగ్ షీటు వేయాలా అన్నది చాలామందికి వచ్చే సందేహం. సిమెంట్ బోర్డు మంచిదే. కింద అడ్హెసివ్ పరిచి, 20 సెం.మీ.కు ఒక స్క్రూ చొప్పున బిగించి, అతుకుల మీద క్షారాన్ని తట్టుకునే జాలీ పట్టీ వేస్తే టైల్‌కు చక్కటి ఆధారం దొరుకుతుంది. కానీ ప్లైవుడ్ పక్కకు కదిలితే బోర్డు కూడా దానితోపాటే కదులుతుంది. అన్‌కప్లింగ్ షీటు ప్లాస్టిక్‌ది, పైన గుంటలు గుంటలుగా, అడుగున పల్చటి గుడ్డ పొరతో ఉంటుంది. అడుగు పొర ప్లైవుడ్‌ను పట్టుకుంటుంది, పై గుంటల్లో నిండిన అడ్హెసివ్ టైల్‌ను పట్టుకుంటుంది, ప్లైవుడ్ పక్కలకు జరిగే సన్నటి కదలికను నడుమనున్న ప్లాస్టిక్ తనలో ఇముడ్చుకుంటుంది. ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికినవి కాబట్టి అది ఓక్ పలకంత సాగదు, అయినా అదీ చెక్కే. నేల పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం ఈ షీటు ఏమీ చేయలేదు. దానికి దూలాలు, స్క్రూలే దిక్కు.

షీటు కిందికి పాలిమర్ కలిసిన అడ్హెసివ్ కావాలి, ప్లైవుడ్‌ను పట్టేది అదే. పైకి ఏది వాడాలన్నది షీటు తయారుచేసినవాళ్లు రాసినట్టే పాటించాం, పాలిమర్ లేని మామూలు రకం. పాలిమర్ ఆరాలంటే తేమ బయటికి పోవాలి. పైన పోర్సిలిన్, కింద ప్లాస్టిక్ ఉంటే ఆ తేమకు దారి ఉండదు. పాలిమర్ లేనిది సిమెంట్‌లా నీటితో గట్టిపడుతుంది, దానికి గాలి అక్కర్లేదు.

షీటును ముందే గది కొలతకు కోసి, చుట్టి పెట్టుకున్నాం. ప్లైవుడ్‌ను తడి స్పాంజితో తుడిచి, అడ్హెసివ్ పల్చగా పళ్ల తాపీతో గీసి, షీటు పరిచి, చెక్క పలకతో నడుమ నుంచి అంచులకు నొక్కుకుంటూ వచ్చాం. మొదటి ముక్క మూల ఎత్తి చూస్తే అడుగు గుడ్డ అంతా బూడిద రంగులో తడిసి ఉంది. ఎక్కడైనా తెల్లగా ఉంటే అక్కడ పట్టనట్టే. ముక్కకూ ముక్కకూ అంచులు ఆనించామే గానీ ఒకదాని మీద ఒకటి ఎక్కించలేదు.

ఆదివారం: గీతలు

టైల్స్ పొడిగా పరిచి చూడకుండా అడ్హెసివ్ కలపకూడదు. కేబినెట్ నుంచి ఎదుటి గోడకు 2.5 మీటర్లు. రెండు అంచుల్లో 6 మి.మీ. చొప్పున సందు పోతే 2,488 మి.మీ. టైల్ 300, గ్రౌట్ సందు 3. ఒక అంచు నుంచి నిండు టైల్స్‌తో మొదలుపెడితే ఎనిమిది వరసలు పట్టి, చివర 64 మి.మీ. పీలిక మిగులుతుంది. అది కోయడమూ కష్టం, చూడ్డానికీ బాగుండదు. ఒక నిండు వరస తగ్గించి ఏడు వరసలను గది నడుమకు తెస్తే రెండు అంచుల్లోనూ 182 మి.మీ. ముక్కలు వస్తాయి. సగం టైల్ కన్నా పెద్దవి. అదే ఖాయం చేశాం.

గది గోడలను నమ్మి గీతలు గీయకూడదు. మూడు, నాలుగు, ఐదు లెక్కతో మూలమట్టం తీశాం. ఒక గీత మీద 90 సెం.మీ., దానికి అడ్డంగా 120 సెం.మీ. కొలిస్తే, రెండు చివరల మధ్య 150 రావాలి. వచ్చేదాకా రెండో గీతను జరిపి సుద్ద దారం కొట్టాం. మొదటి గీత మాత్రం గడప దగ్గరి కోతకు సమాంతరంగా ఉండేలా చూశాం. హాల్లోంచి వచ్చేవాళ్లకు ముందు కనబడేది అదే కదా.

అమ్మ సగం మీద సగం అతుకు కావాలంది, ఇటుకల గోడ వరసల్లాగా. పొడుగు టైల్స్‌కు అది కుదరదు. కాల్చేటప్పుడు పొడుగు టైల్స్ నడుమ కాస్త ఉబ్బుతాయి. ఒక టైల్ ఉబ్బు పక్క టైల్ చివర పక్కన పడితే అంచు తేడా ఎక్కువగా బయటపడుతుంది. 38 సెం.మీ. దాటిన టైల్స్‌ను మూడో వంతుకు మించి జరపకూడదని అందుకే అంటారు. రెండు టైల్స్ ముఖాముఖి ఆనించి చూపిస్తే, చివర్లలో సన్నటి సందు అమ్మ కంటికీ కనబడింది. "సరేలేవే, మూడో వంతే వెయ్యి" అంది.

తరువాతి శనివారం: టైల్స్

అడ్హెసివ్ కలపడంలో తొందర పనికిరాదు. బకెట్‌లో ముందు నీళ్లు, తరువాత పొడి. డ్రిల్లుకు కలిపే కడ్డీ తగిలించి నెమ్మదిగా తిప్పాలి, వేగంగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి. కలిపాక పది నిమిషాలు అలా వదిలి, నీళ్లు పోయకుండా మళ్లీ ఒకసారి కలపాలి. తాపీతో గీస్తే గట్లు కూలకుండా నిలబడాలి. సిమెంట్ క్షారం చేతులు కాలుస్తుంది, తొడుగులు వేసుకోవాల్సిందే.

ముందు తాపీ చదును అంచుతో షీటు గుంటలన్నీ నింపి, వెంటనే 6×10 మి.మీ. పళ్లతో గట్లు గీశాను. గట్లు అన్నీ ఒకే దిక్కుకు, టైల్ పొట్టి వైపుకు సమాంతరంగా. గుండ్రంగా తిప్పి గీస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది. టైల్ వెనక కూడా పల్చగా ఒక పూత. టైల్ పెట్టి, గట్లకు అడ్డంగా ముందుకూ వెనక్కూ జరిపితే గట్లు పడిపోయి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

మూడో టైల్ పెట్టిన వెంటనే దాన్ని ఎత్తి తిప్పి చూశాం. అడ్హెసివ్ దాని వీపంతా పట్టింది, గట్ల గుర్తులు చెరిగిపోయాయి, ఒక మూల మాత్రం రూపాయి బిళ్లంత చోటులో గీతలు అలాగే నిలిచి ఉన్నాయి. పొడి నేలలకు కనీసం 80 శాతం పట్టాలి, తడిసే చోట్ల 95. వంటగదికి మేం పెద్ద అంకెనే పెట్టుకున్నాం. ఆ మూలకు ఇంకాస్త పూసి తిరిగి పెట్టాం, ఆ తరువాత కూడా మధ్యమధ్యలో ఒక టైల్ ఎత్తి చూస్తూనే ఉన్నాం. మూలలు ఖాళీగా ఉన్న టైల్ మీద బరువైన గిన్నె పడితే పగిలేది అక్కడే.

ఒక్కసారి గీసే చోటు రెండు మూడు టైల్స్‌కు మించకుండా చూసుకున్నాం. గీసిన అడ్హెసివ్‌ను వేలితో తాకితే వేలికి అంటాలి. అంటకపోతే పైన పొర కట్టినట్టే, గీకి పారేసి కొత్తది వేయాలి, దాని మీద నీళ్లు చిలకరించకూడదు. అంచులు సమంగా రావడానికి క్లిప్పులు, చీలలు వాడాం. నేల చదును చేసి ఉంది కాబట్టి వాటికి పెద్దగా పని పడలేదు. సందుల్లోకి పొంగిన అడ్హెసివ్‌ను తడిగా ఉన్నప్పుడే పుల్లతో తీసేయాలి, గట్టిపడ్డాక అది గ్రౌట్‌కు చోటివ్వదు.

కోతలన్నీ తమ్ముడివి. తిన్నటి కోతలకు గీసి విరిచే కట్టర్, పైపు చుట్టూ మలుపులకు డైమండ్ బ్లేడున్న గ్రైండర్. గ్రైండర్ పని బయటే, నీళ్లు పోస్తూ, మాస్కు పెట్టుకుని. పోర్సిలిన్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. చౌకట్ల దగ్గర టైల్‌ను వంకర కోయకుండా, టైల్ ముక్కను నేల మీద పెట్టి దాని ఎత్తుకు చౌకట్టు అడుగు కోసి, టైల్‌ను దాని కిందికి జరిపాం. కోత కనబడదు.

గోడలు, కేబినెట్ల వెంబడి 6 మి.మీ. ఖాళీ ఎక్కడా పూడకుండా చూశాం. దానిలో అడ్హెసివ్ కానీ గ్రౌట్ కానీ పడితే నేల ఉబ్బడానికి చోటుండదు, ఉబ్బిన నేల నడుమ టైల్స్‌ను పైకి లేపేస్తుంది. స్కర్టింగు వస్తే ఈ సందు కనబడదు.

గ్రౌట్

ఒక రోజంతా ఎవరినీ అడుగుపెట్టనివ్వలేదు. 3 మి.మీ. సందు కాబట్టి ఇసుక కలిసిన గ్రౌట్ తీసుకున్నాం, అంతకన్నా సన్నటి సందులకే ఇసుక లేనిది. రబ్బరు పలకతో సందులకు ఏటవాలుగా లాగితే గ్రౌట్ లోపలికి దిగుతుంది, నేరుగా లాగితే పలక అంచు సందులోదాన్ని బయటికి తోడేస్తుంది. తుడవడమూ అలాగే, ఏటవాలుగా. స్పాంజిని గట్టిగా పిండాలి. నీళ్లు ఎక్కువైతే గ్రౌట్ రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది, బలమూ తగ్గుతుంది. ఆరాక మిగిలిన తెల్లటి పొడిని పొడి గుడ్డతో తుడిచేశాం.

గడప, సామాను

టైల్‌కూ హాలు చెక్కకూ మధ్య మిగిలిన సందులో గ్రౌట్ వేయలేదు. రెండు వేరు వస్తువులు కలిసే చోట సాగే సీలెంటే ఉండాలి. అడుగున నురుగు తాడు దూర్చి, గ్రౌట్ రంగుకు సరిపోయే సీలెంట్ నింపి, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒక్క లాగు లాగాను. బద్ద పెట్టి చూస్తే చెక్క, టైల్ ఒకే ఎత్తు. లోహపు పట్టీ అవసరమే రాలేదు. అమ్మ అటూ ఇటూ నడిచి చూసి, "ఏమీ తగల్లేదే" అంది.

డిష్ వాషర్ కొత్త టైల్స్ మీదికి జరిపి, కాళ్ల మరలు తిప్పి గట్టు కింద సరిచేశాం. పైపు బిగింపు కింద పొడి కాగితం పెట్టి ఒక విడత పూర్తిగా నడిపాం, కాగితం తడవలేదు. కొన్ని వారాలు ఆ కాగితాన్ని అక్కడే ఉంచి అప్పుడప్పుడూ చూస్తాను. పొయ్యి లైన్ మళ్లీ పనివాడే బిగించాడు, పొయ్యి ముందుకు ఒరగకుండా వెనక పట్టే కొక్కెం కూడా మళ్లీ తగిలించాడు.

స్కర్టింగు నంబర్ల ప్రకారం పెట్టాం, మేకులు గోడకే, టైల్స్ వైపు కాదు. తేమ బాగా తగ్గే కాలంలో గడప సీలెంట్ చెక్క అంచు నుంచి విడిందేమో చూడాలి, విడితే కోసి తీసి మళ్లీ నింపడమే. మిగిలిన టైల్స్ అట్టపెట్టెతో సహా దాచాను. రంగు, కొలత ఒక్కో విడతకు కాస్త మారుతాయి కాబట్టి పెట్టె మీది షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు, గ్రౌట్ రంగు పేరు ఒక కాగితం మీద రాసి సింకు కింది కేబినెట్ తలుపు లోపల అతికించాను.